గేటు దాకా దారి

నర్సమ్మగారికి,

మీ ఆయన బోలెడంత ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, పాపా, అమ్మా కులాసాగానే ఉన్నాం. నువ్వూ అక్కడ ఒంట్లో బాగుండి, వేళకి ఇంత తిని, కాస్తో కూస్తో కన్ను మూస్తున్నావనే నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఆ నమ్మకం లేకపోతే నా కలం ముందుకి కదలదు.

నీ ఉత్తరం సరుకుల లారీలో వచ్చినట్టుంది, కవరు నిండా గ్రీజు మరకలు. మీ సైనిక శిబిరంలో ఫోను పనిచెయ్యకపోవడం కూడా ఒకందుకు మంచిదే అనిపిస్తోంది. ఫోనులో అయితే "తిన్నావా, పడుకున్నావా" దగ్గరే మాట ఆగిపోయేది. కాగితం ముందు కూర్చుంటే లోపల ఎక్కడెక్కడివో బయటికొస్తాయి.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. పాప ముందు పన్ను ఊడింది. కదులుతోంది కదులుతోంది అని రోజూ వేలితో ఆడించి ఆడించి తనే ఊడగొట్టుకుంది. ఇప్పుడు 'స' పలకదు. "నాన్నా, థాయంత్రం త్వరగా రా" అంటుంది. పన్ను నీకు చూపించాలని అగ్గిపెట్టెలో దాచింది. జడలు రెండూ నేనే వేస్తున్నాను. ఒకటి తూర్పుకీ, ఒకటి పడమరకీ చూస్తున్నాయని మీ అత్తగారి తీర్పు. ఆవిడ మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందనడానికి రుజువు, మళ్లీ నా వంటలో ఉప్పు గురించి మాట్లాడుతోంది. కోడల్ని చలిలో చెవులు కప్పుకుని తిరగమని రాయమంది. రాశాను.

"కాలిబాట గీయడానికి కూడా ఒక మనిషీ, ఒక ఆఫీసూ కావాలా?" అని వెక్కిరించావు కదా. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను తల్లీ. మాజీ సైనికుల ఆసుపత్రి అంటే ఒక భవనమనుకునేవు. అదొక చిన్న ఊరంత ఆవరణ. గేటు పక్కన ఓపీ, దాని వెనక ఆపరేషన్ల భవనం, ఇంకాస్త లోపలికి వెళ్తే చెక్క కాళ్లూ, ప్లాస్టిక్ చేతులూ తయారుచేసే వర్క్‌షాపు. అన్నిటికన్నా చివర, కొంచెం మిట్ట మీద, ఇక ఇంటికి వెళ్లలేనివాళ్లుండే వార్డు. వీటన్నిటినీ కలిపేవి కార్ల రోడ్లే. మనుషులు కార్లలో పుట్టి కార్లలోనే పెరుగుతారని కట్టినవాళ్లకి ఎవరు చెప్పారో మరి. ఈ ఆవరణంతా నడిచేవాళ్లూ, సైకిళ్లవాళ్లూ, చక్రాల కుర్చీలవాళ్లూ ఎవరి సాయమూ లేకుండా తిరిగేలా దారులు వెయ్యాలి. అదీ మీ ఆయన ఉద్యోగం.

మొదటిరోజు నేనే ఒక చక్రాల కుర్చీలో కూర్చుని బయల్దేరాను. అంతా తెలిసినవాడిలా చకచకా తిప్పుకుంటూ పోతుంటే మురుగుకాలవ మీద ఇనుప జాలీ కన్నంలో ముందు చక్రం దిగబడింది. కుర్చీ అక్కడే ఆగింది, నేను ఆగలేదు. మోచెయ్యి చెక్కుకుపోయింది. చంక కర్రల మీద పోతున్న ఒంటికాలి మనిషొకడు ఆగి, చెయ్యిచ్చి మళ్లీ కుర్చీలోకి ఎక్కించి, "కొత్తా?" అన్నాడు. "కొత్తేనండీ" అన్నాను. "అలవాటైపోతుంది" అని ధైర్యం చెప్పి వెళ్లాడు. నా రెండు కాళ్ల మీద నేను లేచి నిలబడితే ఆయనేమనుకుంటాడోనని, ఆయన మలుపు తిరిగేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

నువ్వక్కడ కట్టుకట్టి లారీ ఎక్కించినవాళ్లు చివరికి చేరేది ఇలాంటి చోటికే కదా. ఎవరి చేతి మీదైనా కుట్ల గుర్తు కనిపిస్తే, ఇవి నువ్వు వేసినవేమో అనిపిస్తుంది. అడుగుదామని నోటిదాకా వస్తుంది. అడగను. కాసేపు ఆ గుర్తుకేసి చూసి వచ్చేస్తాను.

ఇప్పుడు నీకొక మనిషి గురించి చెప్పాలి. మిట్ట మీది వార్డులో ఒక పెద్దావిడ ఉంది. వయసంతా సైన్యంలో అంబులెన్సు నడిపింది. చివర్లో బండి బోల్తాపడి నడుము కింద నుంచి చచ్చుబడిపోయింది. అందరూ డ్రైవరమ్మ అంటారు. చక్రాల కుర్చీని కూడా బండి లెక్కనే చూస్తుంది. వార్డులో బాత్రూములు బాగున్నాయా అని అడిగితే, "రివర్స్ కొట్టడానికి చోటేదీ?" అంది.

ఆవిడ భర్త టైలరు. ఎత్తి దించగలిగినన్నాళ్లు ఆవిణ్ణి ఇంట్లోనే చూసుకున్నాడు. ఆయన నడుము కూడా మొరాయించాక తప్పనిసరై ఇక్కడ చేర్చాడు. రోజూ సాయంత్రం సైకిలు మీద వస్తాడు. గేటు దగ్గర సైకిలు ఆపేస్తారు. అక్కడి నుంచి కార్ల మధ్యగా, గోడలు పట్టుకుంటూ, మిట్టెక్కి వార్డుకి చేరాలి. మోకాళ్లు అరిగిపోయిన మనిషి. "సైకిలు మీద ఊరు ఆ చివరికైనా వెళ్లొస్తాను బాబూ. దిగి నాలుగడుగులు వెయ్యమంటేనే ప్రాణం మీదికొస్తుంది" అన్నాడొకసారి. ఆయన పైకి చేరేసరికే చూడటానికిచ్చిన సమయంలో సగం అయిపోతుంది. మిగిలిన సగం ఆయాసం తీర్చుకోవడానికి సరిపోతుంది. ఇంక మాట్లాడుకునేదెప్పుడు? ఆవిడ మంచినీళ్ల గ్లాసు అందిస్తుంది, ఆయన తాగుతాడు, గంట కొడతారు.

గేటు దగ్గర భద్రతకి పెద్ద ఒకాయన ఉన్నాడు. ఆయనా పాత సైనికుడే. నోట్లో ఎప్పుడూ విజిల్ ఉంటుంది కాబట్టి విజిల్ సారు. ఎప్పుడో ఎవడో సైకిలుతో ఒక రోగిని గుద్దాడట, అప్పటి నుంచి లోపలికి సైకిళ్లు బంద్. నేను కదిపి చూశాను. "ఇది ఆసుపత్రండీ, సర్కసు కాదు" అన్నాడు. విజిల్ తియ్యకుండానే అన్నాడు, అదొక విద్య.

నా మొదటి ప్లాను చాలా అందంగా వచ్చిందిలే. భవనాల వెనక నుంచి, చెట్ల కింద నుంచి, వంపులు తిరుగుతూ మెత్తగా దిగే బాట. అక్కడక్కడ కూర్చోవడానికి బల్లలు. ఒక్క కారు కూడా కదలక్కర్లేదని డైరెక్టరుగారు వెంటనే మెచ్చుకున్నారు. ఆ ఊపులో చుట్ట చుట్టిన కాగితం చంకన పెట్టుకుని వార్డుకి వెళ్లాను. డ్రైవరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో బాట మొదటి నుంచి చివరిదాకా వెళ్లి వచ్చింది.

"షికారుకి బాగుంది బాబూ" అంది.

"మరి ఎందుకలా పెదవి విరిచారు?"

"నేను షికారు అడగలేదుగా. గేటు దాకా వెళ్లాలి నేను. నీ బాట ఊరంతా తిరిగి వర్క్‌షాపు దగ్గర ఆగిపోయింది."

"గేటు దగ్గరేముందమ్మా?"

"మా ఆయన."

అప్పుడు చెప్పింది. సెలవు మీద వచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో ఆయనే ఎదురొచ్చేవాడట. రైలు పూటల కొద్దీ ఆలస్యమైనా ప్లాట్‌ఫారం వదిలేవాడు కాదట. ఒకసారి అసలు ఆ రైలే రాలేదు. మర్నాడు ఇంకో రైల్లో దిగేసరికి, అదే స్తంభం పక్కన, మాసిన చొక్కాతో నిలబడి ఉన్నాడట.

"ఎప్పుడూ ఎదురొచ్చింది ఆయనే. ఇప్పుడూ ఆ మోకాళ్లతో ఆయనే వస్తున్నారు. పోయేలోపు ఒక్కసారి నేను ఎదురెళ్లాలి. నాకున్న ప్లాను అదొక్కటే. నీ కాగితంలో పడుతుందేమో చూడు."

ఇంటికొచ్చి మొదటి ప్లాను గోడకి తిప్పిపెట్టేశాను. కొత్తది గీశాను. వార్డు గుమ్మం నుంచి మిట్ట మీద అటూ ఇటూ రెండు మలుపులు తిరుగుతూ దిగే ర్యాంపు, ప్రతి మలుపులో చేతులకి కాస్త ఊపిరి తీసుకోవడానికి చదును. అక్కడి నుంచి రెండు భవనాల మధ్యగా సూటిగా గేటుకి. నడిచేవాళ్లకొక వార, చక్రాలవాళ్లకొక వార. చిక్కల్లా ఒక్కటే, అది సరిగ్గా డాక్టర్ల కార్ల వరస మీంచి పోతోంది.

మీటింగులో డైరెక్టరుగారు కాగితం చూసి, "మరి డాక్టర్లు ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నారు.

"కొంచెం అవతల పెట్టుకోవచ్చండి. వాళ్లు నడవగలరు కదా."

బయటికొచ్చాక మా ఆఫీసరు నాకు తలంటాడు. కానీ డైరెక్టరుగారు చెడ్డమనిషి కాదు. ఒక పూట కార్లు ఆపించి, చెక్కలతో తాత్కాలికంగా వేసి చూపించు, చూశాక ఆలోచిద్దాం అన్నారు.

వేశాం. వడ్రంగులు మిట్ట మీద పలకల ర్యాంపు పరిచారు. జాలీల మీద ఇనుప రేకులు కప్పాం. సున్నంతో గీతలు కొట్టాం. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. డైరెక్టరుగారు, ఇంజినీర్లు, మా ఆఫీసరు గేటు దగ్గర నిలబడ్డారు. విజిల్ సారు వాళ్లకి కాస్త దూరంగా, ఇది నాకు ఇష్టం లేదని ఒళ్లంతా చెబుతూ నిలబడ్డాడు.

డ్రైవరమ్మ వచ్చింది. చేతులకి పాత తోలు గ్లవుజులు, డ్యూటీలో తొడుక్కునేవి. ఎవరినీ తొయ్యనివ్వలేదు. మొదటి మలుపులో ఆగి, "గేరు మార్చుకోనీ" అంది, నిజానికి రొప్పుతోంది. మళ్లీ కదిలింది. కార్ల వరస ఉండే చోటు దాటి, ఓపీ ముందు నుంచి గేటు దగ్గరికి వచ్చి, బండి పార్కింగులో పెట్టినంత నేర్పుగా కుర్చీ తిప్పి నిలబెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ ఎవరికేసీ చూడలేదు. రోడ్డుకేసి చూసింది.

టైలరుగారు రాలేదు.

ఎప్పుడూ వచ్చే వేళ దాటిపోయింది. చినుకులు మొదలయ్యాయి. డైరెక్టరుగారు వాచీ చూసుకుని, "బాగుంది, చూశాం కదా, ఆలోచిద్దాం" అన్నారు. ఆలోచిద్దాం అంటే ఏమిటో ఉద్యోగం చేసిన ప్రతివాడికీ తెలుసు. ఒక్కొక్కరే జారుకున్నారు.

"వెళ్దాం పదండమ్మా, తడిసిపోతారు" అన్నాను.

"నువ్వెళ్లు."

విజిల్ సారు వచ్చాడు. "పేషెంటుని గేటు బయట వదలడానికి లేదండీ. లోపలికి పదండి."

"నేను బయట లేను. గేటు మీదున్నాను. కావాలంటే చక్రాలు చూసుకో" అంది డ్రైవరమ్మ.

ఆయన కిందికి చూశాడు. నిజంగానే చక్రాలు సరిగ్గా గేటు జరిగే ఇనుప పట్టా మీద ఉన్నాయి. తన గదిలోకెళ్లి గొడుగు తెచ్చాడు. ఆవిడ మీద పట్టుకుని నిలబడ్డాడు. ఆయన భుజం తడుస్తోంది. ఆ సాయంత్రం మొదటిసారి ఆయన నోట్లో విజిల్ లేకుండా చూశాను.

అలా నిలబడి ఉండగా నాకెందుకో అడగాలనిపించింది. "ఆయన ఎప్పుడూ మిమ్మల్ని ఉద్యోగం మానేసి వచ్చెయ్యమనలేదామ్మా?"

"ఒక్కసారి కూడా అనలేదు. ఇక్కడ ఏ లోటూ లేదు, నీ పని నువ్వు చూసుకో అనే రాసేవారు. నేను లేకపోయినా ఈయనకి బాగానే గడిచిపోతోంది కాబోలు అనుకున్నాను. ఇంకో విడతకి సంతకం పెట్టాను. ఆ తర్వాత ఇంకోటి."

"రమ్మంటే వచ్చేవారా?"

ఆవిడ గ్లవుజు మీది నీళ్లు తుడుచుకుంది. "ఏమో బాబూ, అబద్ధమెందుకు? బండంటే నాకు పిచ్చి. రాకపోయేదాన్నేమో. కానీ అడిగించుకోవాలని ఉండేది."

అప్పుడు కనిపించాడు టైలరుగారు, రోడ్డు మలుపులో. సైకిలు ఎక్కి లేడు. హ్యాండిలు మీద బరువంతా వేసి, దాన్ని పట్టుకుని కుంటుతూ వస్తున్నాడు. తల ఎత్తి ఆవిణ్ణి చూశాడు. చూసినవాడు సైకిలు రోడ్డు మీదే వదిలేశాడు. ఆ మోకాళ్లతో పరిగెత్తాడు. చూడలేకపోయాను నేను.

"ఏమైంది? ఎవరు పంపేశారు నిన్ను? ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

వేరే ఆసుపత్రికి మార్చేస్తున్నారనుకున్నాడు పాపం.

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను" అంది డ్రైవరమ్మ. "ఎంతసేపు చూడాలి మీ కోసం?"

"పంక్చరయింది" అన్నాడు, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా. తర్వాత మెల్లగా, "నా కోసమా?" అన్నాడు.

"మరి ఈ విజిల్ గారి కోసమా?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. వాన చినుకులుగానే పడుతోంది, ఆయన మాత్రం చాలాసేపు తుడుచుకున్నాడు. ఈలోగా విజిల్ సారు గొడుగు నా చేతిలో పెట్టి, రోడ్డు మీదికెళ్లి, పడిపోయిన సైకిలు లేపి, తనే నడిపించుకుంటూ గేటు లోపలికి తెచ్చాడు.

"సారూ, మరి రూలు?" అన్నాను.

"పంక్చరైన సైకిలుకి రూలు రాయలేదు ఎవరూ" అన్నాడు.

వాళ్లిద్దరూ ముందు వెళ్లారు. ఆవిడ చక్రాలు మెల్లగా తిప్పుకుంటోంది. ఆయన చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది. తోస్తున్నాడో, పట్టుకుని నడుస్తున్నాడో తెలియలేదు. మొదటి మలుపు దగ్గర ఆగి ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. నేను వెనకే ఉండిపోయాను.

ఆ తర్వాత జరిగిన మీటింగులో విజిల్ సారు లేచి, గేటు దాకా దారి ఉండాల్సిందేనన్నాడు. సైకిళ్లు మనిషి నడకకన్నా వేగంగా పోకుండా చూసే పూచీ తనదన్నాడు. నేను వంద కాగితాలు చూపించినా జరగనిది ఆయన ఒక్క మాటతో జరిగింది. అన్నీ మనమనుకున్నట్టు కాలేదనుకో. మిట్ట మీద కాంక్రీటు ర్యాంపు వచ్చే ఏడాదికి వాయిదా పడింది, అందాకా ఆ చెక్కలే. డాక్టర్లలో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. కానీ కార్ల వరస పోయింది, జాలీలు మారుతున్నాయి, టైలరుగారు వార్డు గుమ్మం దాకా సైకిలు మీదే వస్తున్నాడు. సగం రోజులు ఆ అవసరం లేదు, ఆవిడే గేటు దగ్గర ఉంటుంది. ఎవరు ముందొచ్చారని పోట్లాడుకుంటున్నారు కూడా.

ఇక నీ ఉత్తరంలో నేను దాటేసిన ప్రశ్న ఒకటి మిగిలింది.

గడువు దగ్గరపడింది, ఇంకో విడతకి సంతకం పెట్టనా, వచ్చెయ్యనా, నువ్వేమంటావు అని రెండుసార్లు అడిగావు. మొదటిసారి "నీ ఇష్టం" అని రాసి ఊరుకున్నాను. ఇక్కడ అంతా సవ్యంగా జరిగిపోతోందని కూడా రాశాను. నీకు అడ్డు రాని మంచి మొగుణ్ణి అనిపించుకుందామని నా ఆశ. నేను రాసింది చదివి నువ్వేమనుకుని ఉంటావో గేటు దగ్గర ఆ వానలో గాని నాకు తట్టలేదు.

జరిగిపోతోంది, నిజమే. ఎలా జరిగిపోతోందో చెప్పనా? వీధిలో మిలిటరీ లారీ ఆగిన చప్పుడైతే పాపా నేనూ ఇద్దరం కిటికీ దగ్గరికొస్తాం. ఒకళ్లనొకళ్లు చూసుకుని, తను పెన్సిలు కోసం వచ్చానంటుంది, నేను వాన పడుతోందేమో చూడ్డానికొచ్చానంటాను. కొక్కేనికి నీ రెయిన్‌కోటు అలాగే వేలాడుతోంది. నాది చిరిగిపోయి ఒకరోజు అది వేసుకుని బయల్దేరితే, వెనక నుంచి పాప "అమ్మలా ఉన్నావు, తిరగకు నాన్నా" అంది. బడి దాకా తిరగకుండా నడిచాను. పోయిన నెల దానికి జ్వరం వచ్చింది. తగ్గాక రాస్తే ఏం లాభమని నీకు రాయలేదు. ఆ నాలుగు రోజులూ అది అడిగింది నన్ను కాదు.

ఇంకొకటి కూడా. వర్క్‌షాపులో ఒకమ్మాయి కొత్త కాలు మీద నిలబడటం నేర్చుకుంటోంది. సరిగ్గా నీ ఎత్తు. వెనక నుంచి చూసి, కొలతలు తీస్తున్న టేపు అక్కడే పడేసి బయటికొచ్చేశాను. నేను గీసే ప్రతి ర్యాంపు మీదా, వద్దు వద్దనుకుంటూనే, నిన్నే చూస్తున్నాను. ఇది ఎవరితోనూ అనలేదు. అమ్మతో కూడా.

నువ్వక్కడ ఎంత అవసరమో నాకు తెలుసు. ఈ వార్డుల్లో తిరిగాక ఇంకా బాగా తెలిసింది. నీ చేతుల్లో పడ్డవాళ్లు బతికొస్తున్నారు, వాళ్లకీ ఇంటి దగ్గర నాలాంటివాళ్లున్నారు. అందుకే నిన్ను రమ్మనడానికి నాకు సిగ్గేసేది. ఇప్పుడూ సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను. నువ్వు ఇంకో సంతకం పెట్టినా నాకు కోపం రాదు. వస్తుందిలే, వచ్చి పోతుంది. మళ్లీ ఉత్తరం రాస్తాను, మళ్లీ జడలు వేస్తాను. కానీ నన్నెవరూ రమ్మనలేదనే మాట మాత్రం నీకు మిగలకూడదు.

నీ ఇష్టం ఎటైనా నాకు సమ్మతమే. నా ఇష్టం ఇదీ: వచ్చెయ్.

ఇట్లు,
నువ్వు లేకుండా ఏమీ బాగాలేని,
పాప వాళ్ల నాన్న